వాడుకలో ఉన్నదే నిలిచింది: ఒర్తీజా ద్వీపాన్ని ఎలా చూడాలి

సిసిలీ ఆగ్నేయ తీరాన ఉన్న సిరాక్యూస్ నగరం పేరు మనలో చాలామందికి ఆర్కిమిడీస్ పాఠంలో తగిలి ఉంటుంది. ఆ నగరం పుట్టిన చోటు, నేటికీ దాని చారిత్రక కేంద్రం, ఒర్తీజా అనే చిన్న ద్వీపం. ప్రధాన భూభాగం నుంచి దాన్ని వేరు చేసేది ఒక సన్నని నీటిపాయ మాత్రమే కాబట్టి వంతెన మీదుగా నడిచి వెళ్ళవచ్చు. ఆ కొస నుంచి ఈ కొసకు నింపాదిగా నడిచినా పట్టుమని అరగంట పట్టదు. అంత చిన్న చోట గ్రీకులు, రోమన్లు, బైజాంటియన్లు (తూర్పు రోమన్లు), అరబ్బులు, నార్మన్లు, స్పెయిన్ పాలకులు ఒకరి తరువాత ఒకరు ఉండి వెళ్ళారని పర్యాటక కరపత్రాలన్నీ చెబుతాయి. ఆ జాబితా తప్పు కాదు. అయితే దాన్ని పట్టుకుని ఊరు చూడబోయినవారికి చిక్కు మొదలవుతుంది. ఒక్కో పాలకుడికి ఒక్కో కట్టడం ఉంటుందని, వాటిని వరుసగా చూసుకుంటూ పోతే చరిత్ర అర్థమవుతుందని అనుకుంటాం. ఒర్తీజాలో అలా జరగదు. ఒకే గోడలో నాలుగైదు కాలాలు పక్కపక్కనే ఉంటాయి. ఇది ఏ శతాబ్దపు కట్టడం అని అడిగితే చాలా చోట్ల సూటి జవాబు దొరకదు.

అందుచేత ఇక్కడ ప్రశ్ననే మార్చుకోవడం మేలు. ఎవరు కట్టారని కాకుండా, ఎవరెవరు దేనికి వాడుకున్నారు, ఆ వాడుక ఎప్పుడు ఆగిపోయింది అని అడగాలి. అలా అడిగినప్పుడు ఈ ద్వీపంలోని చాలా చిక్కుముడులు విడిపోతాయి. రెండున్నర వేల ఏళ్ళనాటి ఒక గుడి దాదాపు పూర్తి ఆకారంతో ఎందుకు నిలిచింది, దానికి కూతవేటు దూరంలో ఉన్న మరో గుడి ఎందుకు మొండిస్తంభాలుగా మిగిలింది అన్న ప్రశ్నకు కూడా జవాబు అక్కడే ఉంది.

ముందుగా చోటు సంగతి. క్రీ.పూ. 734 లేదా 733లో కొరింత్ నగరం నుంచి ఆర్కియస్ నాయకత్వంలో వచ్చిన గ్రీకులు ఇక్కడి సికెల్ తెగవారిని ద్వీపం నుంచి తరిమేసి ఊరు కట్టుకున్నారని గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీస్ రాశాడు. వారు ఈ చోటును ఎంచుకోవడానికి కారణాలు ఇవాళ కూడా కంటికి కనిపిస్తాయి. పడమర వైపు పెద్ద ఓడరేవు, ఉత్తరాన చిన్న రేవు, చుట్టూ సముద్రం ఉన్నాయి. వీటన్నిటికంటే ముఖ్యంగా సముద్రపు ఒడ్డున, అలలకు నాలుగడుగుల దూరంలో, మంచినీటి ఊట ఉంది. దాన్నే అరెతూసా ఊట అంటారు. ఇబ్లేయి కొండల సున్నపురాయి పొరల్లోకి ఇంకిన వాననీరు భూమి లోపలి నుంచి సాగి వచ్చి ఇక్కడ పైకి ఉబుకుతుంది. సముద్రం పక్కన తియ్యని నీరు ఎలా వచ్చిందో తెలియని కాలంలో గ్రీకులు దానికి ఒక కథ చెప్పుకున్నారు. పెలొపొనీస్‌లో ఆల్ఫియస్ అనే నదీదేవుడు వెంటపడగా, అరెతూసా అనే అప్సరసను ఆర్టెమిస్ దేవత నీరుగా మార్చిందట. ఆ నీరు సముద్రం అడుగున ప్రవహించి ఒర్తీజాలో పైకి తేలిందట. వలస వచ్చినవారు తమ సొంత ఊరి దేవతలతో కొత్త ఊరికి చుట్టరికం కలుపుకున్న తీరు ఈ కథలో స్పష్టంగా కనిపిస్తుంది.

రాతిగోడ అడ్డం లేకపోతే ఈ ఊటను సముద్రం ముంచేసేదని, నిండా చేపలు ఉండేవని క్రీ.పూ. మొదటి శతాబ్దంలో రోమన్ వక్త సిసెరో రాశాడు. 1798 జులైలో బ్రిటిష్ సేనాని నెల్సన్ నౌకాదళం నైలు యుద్ధానికి ముందు సిరాక్యూస్‌లోనే నీళ్ళు నింపుకుంది. ఇప్పుడు అక్కడ కనిపించే గుండ్రని తొట్టి 19వ శతాబ్దంలో కట్టినది. మధ్యలో పెరిగే పపైరస్ గడ్డి చాలామంది అనుకున్నట్టు గ్రీకుల కాలంనుంచీ అక్కడే ఉన్నది కాదు. అది సహజంగా పెరిగే చోటు చూడాలంటే దగ్గర్లోని చియానే నది ఒడ్డుకు వెళ్ళాలి.

నీరు, రేవులు, చుట్టూ సముద్రం ఉన్న ఈ చోటు సామాన్యులకంటే పాలకులకు ఎక్కువ నచ్చింది. క్రీ.పూ. ఐదో శతాబ్దం చివర నియంత మొదటి డయొనీసియస్ ద్వీపాన్ని తన కోటగా మార్చి, కిరాయి సైనికులను అందులో పెట్టుకున్నాడు. క్రీ.పూ. 212లో రోమన్లు నగరాన్ని పట్టుకున్నారు. ఆర్కిమిడీస్ ఆ ముట్టడిలోనే చనిపోయాడు. ఆ తరువాత సిరాక్యూస్ పౌరులెవరూ ఈ ద్వీపంలో కాపురం ఉండకూడదని రోమన్లు నిషేధం పెట్టారని సిసెరో చెబుతాడు. క్రీ.శ. 663లో బైజాంటియన్ చక్రవర్తి రెండో కాన్‌స్టాన్స్ తన కొలువునే కాన్‌స్టాంటినోపుల్ నుంచి సిరాక్యూస్‌కు తరలించాడు. 668లో స్నానపు గదిలో అతని హత్య జరగకపోతే చరిత్ర ఏ దారి పట్టేదో. 16వ శతాబ్దంలో ఐదో చార్లెస్ చక్రవర్తి కాలంలో ద్వీపానికి, భూభాగానికి మధ్య బలమైన కోటగోడలు లేచాయి. ఒకప్పుడు భూభాగం మీద విశాలంగా పరుచుకున్న గ్రీకు మహానగరం అప్పటికే కుంచించుకుపోయి మొత్తంగా ఈ ద్వీపంలోకి చేరింది. 19వ శతాబ్దం చివర ఆ కోటగోడలు కూల్చేవరకూ జనం, మఠాలు, చర్చిలు, సైనిక శిబిరాలు అన్నీ ఇక్కడే ఇరుక్కుని ఉన్నాయి. కొత్తగా కట్టుకోవడానికి జాగా లేనిచోట ఉన్నదాన్నే మళ్ళీ మళ్ళీ వాడుకోవలసి వచ్చింది. ఒర్తీజా ముఖచిత్రాన్ని తీర్చినది శిల్పుల అభిరుచి కంటే ఈ ఇరుకేనని నా అభిప్రాయం.

గుడిని లోపలిది బయటికి తిప్పిన చర్చి

ఊరి నడిబొడ్డున ఉన్న ప్రధాన చర్చిని దువోమో అంటారు. ముందువైపు నుంచి చూస్తే అది అలంకారాలు దట్టంగా ఉండే 18వ శతాబ్దపు బరోక్ శైలి కట్టడం. పక్కనున్న వియా మినర్వా వీధిలోకి తిరిగితే మాత్రం గోడలో సగం కూరుకుపోయిన, డోరిక్ అనే నిరాడంబరమైన గ్రీకు శైలి లావుపాటి స్తంభాలు వరుసగా కనిపిస్తాయి. వాటి పైన నార్మన్ల కాలపు కోటబురుజు పళ్ళవరస ఉంటుంది. ఆ స్తంభాలు క్రీ.పూ. 480 ప్రాంతంలో గెలోన్ అనే నియంత కట్టించిన అథీనా గుడివి. ఆ ఏడాది సిసిలీ ఉత్తర తీరాన హిమెరా దగ్గర ఉత్తర ఆఫ్రికాకు చెందిన కార్థేజ్ సేనను గెలోన్, అతని మిత్రులు కలిసి ఓడించారు. ఆ విజయపు సంపదతో లేచిన గుడి ఇది. దాని శిఖరాన మెరిసే డాలు ఒకటి ఉండేదని, రేవు నుంచి బయలుదేరిన నావికులు అది కనుమరుగయ్యే వేళకు సముద్రంలోకి నైవేద్యం వదిలేవారని ప్రాచీన రచనలు చెబుతున్నాయి. లోపలి గోడలను అలంకరించిన యుద్ధ చిత్రాలను, సిసిలీ రాజుల, నియంతల చిత్తరువులు 27ను, తలుపులకు తాపిన బంగారాన్ని, దంతపు శిల్పాలను రోమన్ గవర్నరు వెర్రెస్ ఊడ్చుకుపోయాడు. అతని మీద నడిచిన కేసులో సిసెరో సిద్ధం చేసిన అభియోగాల వల్లనే ఆ వస్తువుల వివరాలు మనకు మిగిలాయి. దొంగతనం జరిగింది కాబట్టే లోపలి అలంకారం గురించి ఇంత వివరంగా తెలిసిందన్నది కొంత చేదు నిజం.

క్రీ.శ. ఏడో శతాబ్దంలో బిషప్ జోసిమస్ కాలంలో ఈ గుడి చర్చి అయింది. ఎలా అయిందన్నదే ఇక్కడ అసలు విశేషం. గ్రీకు గుడిలో మధ్యన గోడలతో మూసిన గర్భగుడి ఉంటుంది, దాని చుట్టూ స్తంభాల వరస ఉంటుంది. దేవత విగ్రహం లోపల ఉండేది, బలులు, ఉత్సవాలు ఆరుబయట జరిగేవి, జనం బయటే నిలబడేవారు. క్రైస్తవ ఆరాధనకు అవసరమైనది దీనికి సరిగ్గా తిరగేసిన ఏర్పాటు, ఎందుకంటే అక్కడ జనమంతా లోపల చేరాలి. బైజాంటియన్ మేస్త్రీలు గుడిని కూల్చకుండానే ఈ పని సాధించారు. బయటి స్తంభాల మధ్య ఖాళీలను రాతితో మూసేశారు, దాంతో స్తంభాల వరసే బయటి గోడ అయింది. గర్భగుడి పక్కగోడల్లో ఒక్కో వైపు ఎనిమిది చొప్పున కమానులు తొలిచారు, దాంతో మూసి ఉన్న గది చర్చి నడిమి హాలు అయింది. స్తంభాలకూ గర్భగుడికీ మధ్య ఉన్న వసారాలు చర్చి పక్క నడవలుగా మారాయి. గ్రీకు గుడి ముఖద్వారం తూర్పున ఉండేది. చర్చిలో బలిపీఠం తూర్పున ఉండాలి కనుక ద్వారాన్ని పడమటికి తిప్పారు. అంటే ఇవాళ మనం లోపలికి అడుగుపెట్టేది ఒకప్పటి గుడి వెనుకవైపు నుంచి. ద్వారం దాటగానే రెండు పక్కలా నిలిచిన పెద్ద స్తంభాలు ఆ వెనుక మండపానివే.

ఈ మార్పు గుడిని పాడుచేసిందని బాధపడేవారు ఉంటారు. నేను అలా అనుకోను. స్తంభాల మధ్య లేచిన గోడ వాటికి ఆసరా అయింది. సిసిలీ ఆగ్నేయభాగం తరచు భూకంపాలకు గురయ్యే ప్రాంతం. కొన్ని స్తంభాలు తమ చోటు నుంచి పక్కకు జరిగిన జాడ ఇప్పటికీ తెలుస్తుంది, అయినా అవి పడిపోలేదు. ఊరికి రాయి కావలసి వచ్చినప్పుడల్లా పాడుబడిన గుళ్ళ నుంచి మోసుకుపోవడం మధ్యధరా తీరమంతటా మామూలే. రోజూ పూజ జరిగే కట్టడం మీద మాత్రం అలా ఎవరూ చేయి వేయరు. 878 మే నెలలో, తొమ్మిది నెలల ముట్టడి తరువాత, అరబ్ సేన నగరాన్ని పట్టుకుంది. ఆ కథనంతా కళ్ళారా చూసి, బందీగా ఉండి ఉత్తరంగా రాసిన థియొడోసియస్ అనే సన్యాసి, బిషప్‌తో పాటు తాను ప్రధాన చర్చిలోనే పట్టుబడ్డానని చెప్పాడు. ఆ తరువాత ఆ కట్టడం మసీదుగా నడిచిందని చెబుతారు. 11వ శతాబ్దం చివర నార్మన్లు వచ్చి దాన్ని మళ్ళీ చర్చి చేశారు, హాలు గోడలు పైకి లేపి వెలుతురు కోసం కిటికీలు పెట్టారు. అప్పటికి దేవుడి పేరు మూడుసార్లు మారినా కట్టడం చేసే పని మాత్రం మారలేదు.

లోపల కుడివైపు మొదటి గదిలో బాప్తిస్మపు తొట్టి ఉంది. దాని మీది పాత్ర గ్రీకుల కాలపు పాలరాతి పాత్ర, కింద దాన్ని మోసే ఏడు చిన్న కంచు సింహాలు 13వ శతాబ్దానివి. చర్చి చేసిన పనినే ఆ తొట్టి చిన్న కొలతలో చేసి చూపిస్తుంది.

ఇక్కడే మరో సంగతి గమనించాలి. దువోమో లోపల కనిపించే బోడిరాతి గోడలు, నిరాడంబరమైన కమానులు చూసి ఇది బైజాంటియన్ల కాలంనాటి రూపమే అనుకుంటాం. నిజానికి అక్కడ 18వ శతాబ్దంలో గచ్చుతో చేసిన బరోక్ అలంకారం నిండుగా ఉండేది. 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో జరిగిన పునరుద్ధరణలో దాన్ని ఒలిచేసి పాత రాతిని బయటపెట్టారు. ఆ కాలంలోనే పావోలో ఓర్సీ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు వియా మినర్వాలో తవ్వకాలు జరిపి, గెలోన్ గుడికంటే ముందు కూడా ఆ చోటు పూజాస్థలమేనని నిరూపించాడు. ప్రాచీనమైనదాన్నే విలువైనదిగా చూసిన ఒక తరం అభిరుచి ఆ లోపలి రూపాన్ని తేల్చింది. అది అందంగా ఉందనడంలో సందేహం లేదు, కానీ దాన్ని పాత రూపం అనడం కంటే 20వ శతాబ్దం ఎంచుకున్న పాత రూపం అనడమే సరైనది.

విముక్తి పొందిన గుడి

వంతెన దాటగానే ఎదురయ్యే అపోలో గుడి దీనికి సరిగ్గా వ్యతిరేకం. అది క్రీ.పూ. ఆరో శతాబ్దం తొలినాళ్ళది, సిసిలీలో రాతితో కట్టిన డోరిక్ గుళ్ళలో అత్యంత పాతవాటిలో ఒకటి. చెక్క కట్టడాల నుంచి రాతి కట్టడాలకు మారుతున్న మేస్త్రీల బెరుకు దానిలో కనిపిస్తుంది. ఒక్కో స్తంభమూ ఒకే రాతి నుంచి చెక్కినది. పై దూలం విరుగుతుందేమోనన్న భయంతో కాబోలు, వాటిని చాలా దగ్గర దగ్గరగా నిలబెట్టారు. సన్నని వైపు ఆరు, పొడవు వైపు పదిహేడు స్తంభాలతో గుడి బాగా సాగినట్టుండేది. తూర్పున మెట్టు అంచు మీద, గుడి అపోలోదని చెబుతూ, పనిచేసినవారి గొప్ప చాటే శాసనం ఒకటి చెక్కి ఉంది. దానిలోని కొన్ని మాటల పాఠం గురించి పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. అంత పాతకాలంలో తన పనిని చూసి గర్వపడి పేరు చెక్కుకున్న మేస్త్రీ ఒకడున్నాడన్నది మాత్రం స్పష్టం.

ఈ గుడి కూడా బైజాంటియన్ చర్చిగా, తరువాత మసీదుగా, నార్మన్ల చర్చిగా మారింది. దువోమోతో పోలిక అక్కడితో సరి. స్పెయిన్ పాలనలో అది సైనికుల నివాసమైంది, చుట్టూ ఇళ్ళు అల్లుకున్నాయి, రాళ్ళు ఎటో పోయాయి. 1860 ప్రాంతంలో ఆ బారకాసులో ఇరుక్కుపోయిన స్తంభాలను గుర్తించారు. 1938 నుంచి సాగిన తవ్వకాల్లో మీద పడిన కట్టడాలన్నిటినీ తీసేసి గుడిని బయటపెట్టారు. ఆ దశాబ్దంలోనే, ఫాసిస్టు పాలనలో, దాని పక్కనుంచి ఇప్పుడు కోర్సో మత్తేయోత్తి అని పిలిచే వెడల్పాటి వీధిని పాత ఇళ్ళమీదుగా సూటిగా కోసుకుంటూ తీశారు. ఫలితంగా ఇవాళ చూడగలిగేది కంచె వెనుక, వీధి మట్టానికి కిందుగా, మెట్లు, మొండిస్తంభాలు, పై దూలపు ముక్కతో నిలిచిన రెండు స్తంభాలు, గర్భగుడి గోడలో ఒక భాగం. ఆ గోడలో నార్మన్ల కాలపు కమాను ద్వారం ఒకటి మిగలడం వల్లనే ఇక్కడ చర్చి ఉండేదన్న సంగతి తెలుస్తుంది.

ఈ రెండు గుళ్ళనూ ఒకే ఉదయం చూడటం వల్ల లాభం ఏమిటంటే, కట్టడాలను కాపాడటంలో రెండు పద్ధతుల ఖర్చు పక్కపక్కనే తెలుస్తుంది. అపోలో గుడిలో పునాది కొలతలు, స్తంభాల దూరాలు, శాసనం స్పష్టంగా చదవవచ్చు. దువోమోలో ఆ స్పష్టత లేదు, కానీ గుడి ఎత్తు, లోపలి వైశాల్యం, స్తంభం పక్కన మనిషి ఎంత చిన్నవాడో అన్నది ఒంటికి తెలుస్తుంది. ఒకటి చదవడానికి పనికొస్తుంది, మరొకటి నిలబడి చూడటానికి. నన్ను అడిగితే ముందు అపోలో గుడి దగ్గర కాసేపు ఆగి, గ్రీకు గుడి పటం మనసులో పెట్టుకుని, ఆ తరువాత దువోమోకు వెళ్ళమంటాను. తిరగేసి వెళ్ళినవారికి అపోలో గుడి రాళ్ళగుట్టగా మాత్రమే మిగిలిపోతుంది.

భూకంపం తుడిచినది, తుడవనిది

దువోమో ముందున్న పొడవాటి కోలచౌకం యూరప్‌లోని అందమైన కూడళ్ళలో ఒకటని పేరు. లేత రంగు సున్నపురాయి మీద ఎండ పడినప్పుడు ఆ మాట అతిశయోక్తి అనిపించదు. ఈ ఏకరూపతకు ప్రధాన కారణం ఒక విపత్తు. 1693 జనవరి 11న సంభవించిన భూకంపంలో సిసిలీ ఆగ్నేయ భాగమంతటా కలిపి సుమారు 60 వేలమంది చనిపోయారని అంచనా. దగ్గర్లోని నోతో పట్టణాన్ని పాతచోటు వదిలేసి కొన్ని కిలోమీటర్ల అవతల సరికొత్తగా కట్టారు. సైనికంగా కీలకమైన సిరాక్యూస్‌ను మాత్రం ఉన్నచోటే నిలబెట్టారు. దువోమో ముఖభాగం కూలిపోగా అంద్రేయా పాల్మా గీసిన నమూనాతో 1728లో పని మొదలై 1750లలో ముగిసింది. చౌకానికి ఎదురుగా ఉన్న బెనెవెంతానో భవనానికి 18వ శతాబ్దం చివర కొత్త ముఖం వచ్చింది.

అయితే భూకంపం ఊరి మొహాన్ని మార్చింది కానీ ఒంటిని మార్చలేదు. నోతోలో వీధుల పటం కూడా బరోక్ కాలానిదే. ఒర్తీజాలో పటం గ్రీకులది. రెండున్నర, మూడు మీటర్ల వెడల్పుతో సమాంతరంగా సాగే సన్నని సందులు చాలామేరకు తొలి వలసదారులు గీసిన వీధుల మీదనే నడుస్తున్నాయని తవ్వకాల్లో తేలింది. చౌకం పక్కనున్న నగరపాలక భవనాన్ని జొవాన్ని వెర్మెక్సియో అనే వాస్తుశిల్పి 1629, 1633ల మధ్య కట్టాడు. అంటే అది భూకంపాన్ని తట్టుకుని నిలిచినది. తల ఎత్తి చూరు ఎడమ మూలన వెతికితే చిన్న బల్లి శిల్పం దొరుకుతుంది. అది ఆ శిల్పి సంతకం. ఆ భవనం నేలమాళిగలో క్రీ.పూ. ఆరో శతాబ్దం చివర మొదలై పూర్తికాకుండా ఆగిపోయిన, అయోనిక్ అనే మరో గ్రీకు శైలి గుడి పునాదులు ఉన్నాయి. డోరిక్ శైలి రాజ్యమేలిన సిసిలీలో అది అరుదైన విషయం. దాన్ని ఆర్టెమిస్ గుడిగా భావిస్తారు. పక్కనే లేచిన అథీనా గుడి ఒకటి పూర్తయి చర్చిగా బతికింది, సగంలో ఆగిన ఈ గుడి మీద పురపాలక కార్యాలయం కూర్చుంది.

ఇంత రాయి ఎక్కడి నుంచి వచ్చిందన్నది సహజమైన ప్రశ్న. చాలా భాగం భూభాగం మీదున్న లతోమీ అనే రాతిగనుల నుంచి వచ్చింది. క్రీ.పూ. 413లో సిరాక్యూస్ చేతిలో ఓడిపోయిన ఏథెన్స్ దండులోని ఏడువేల మందికి తక్కువ కాని బందీలను ఎండకూ చలికీ వదిలేసింది ఆ గోతుల్లోనే. అక్కడ ‘డయొనీసియస్ చెవి’ అనే గుహకు ఆ పేరు పెట్టినది 1608లో అటు వచ్చిన చిత్రకారుడు కారవాజ్జో అని స్థానిక పండితుడు మిరబెల్లా రాశాడు. రాయి ద్వీపం కడుపులోంచి కూడా తీశారు. దువోమో చౌకం కింద ఉన్న సొరంగాలు మొదట గనులు, నీటి తొట్లు. రెండో ప్రపంచయుద్ధంలో వాటిని కలిపి విమానదాడుల నుంచి జనం తలదాచుకునే చోటుగా చేశారు. ఇప్పుడు చౌకం నుంచి దిగి రేవు వైపు బయటికి రావచ్చు.

నేలకింద ఉన్నవాటిలో నా దృష్టిలో ముఖ్యమైనది యూదుల పేట అయిన జుదెక్కాలో ఉంది. అక్కడ ఒక పాత ఇంటిని బాగుచేస్తుండగా, సుమారు 18 మీటర్ల లోతున, ఊటనీటితో నిండే శుద్ధిస్నానపు కొలనులు బయటపడ్డాయి. స్పెయిన్ రాజదంపతులు 1492లో ఇచ్చిన బహిష్కరణ ఆజ్ఞ సిసిలీకీ వర్తించింది కనుక ఇక్కడి యూదులు మరుసటి ఏడాదికల్లా వెళ్ళిపోవలసి వచ్చింది. కొలనుల వయసు గురించి పండితుల మధ్య ఏకాభిప్రాయం లేదు. పైన ఇళ్ళు చేతులు మారుతూ వాడుకలో ఉండగా, వాడేవారు లేని స్నానఘట్టం మట్టితో పూడి అందరి జ్ఞాపకంలోంచి పోయింది. వాడుకే కాపాడుతుందన్న నా వాదానికి ఇది కొంత అడ్డుతగిలే ఉదాహరణ అని ఒప్పుకోవాలి, ఎందుకంటే మరుపే దీన్ని కాపాడింది.

దక్షిణపు కొసన ఉన్న మనియాచే కోటను 1232, 1240ల మధ్య చక్రవర్తి రెండో ఫ్రెడరిక్ కట్టించాడు. పేరు మాత్రం రెండువందల ఏళ్ళ ముందు అరబ్బుల నుంచి నగరాన్ని కొంతకాలం తిరిగి గెలుచుకున్న బైజాంటియన్ సేనాని జార్జ్ మనియాకెస్‌ది. లోపల స్తంభాల మీద కమాను కప్పులతో ఒకే విశాలమైన హాలు ఉండేది. దాన్ని మందుగుండు గిడ్డంగి చేసినందువల్ల 1704లో పేలుడు జరిగి కొంతభాగం ఎగిరిపోయింది. ద్వారానికి రెండు పక్కలా ఉండిన ప్రాచీన కంచు పొట్టేళ్ళలో ఒకటి ఇప్పుడు పలెర్మో పురావస్తు ప్రదర్శనశాలలో ఉంది. రెండోది 1848 అల్లర్లలో నాశనమైంది.

ఇప్పటి వాడుక

కోటగోడలు కూల్చాక ఊరు భూభాగం మీదికి పాకింది. రెండో ప్రపంచయుద్ధం తరువాత కొత్త పేటల్లో నీళ్ళూ గాలీ ఉన్న ఇళ్ళు దొరకడంతో జనం ద్వీపాన్ని విడిచిపోసాగారు. ఇళ్ళు పాడుబడ్డాయి. 1976లో సిసిలీ ప్రాంతీయ శాసనసభ ఒర్తీజా కోసం ప్రత్యేక నిబంధనలతో చట్టం చేసింది. ఆ తరువాతి దశాబ్దాల్లో మరమ్మతులు మెల్లగా ఊపందుకున్నాయి, 2005లో సిరాక్యూస్ యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి చేరింది. గోడలు నిలిచాయి, కానీ వాటి వెనుక ఉండేవారు మారారు. బాగుచేసిన ఇళ్ళలో చాలావరకు పర్యాటకులకు రోజువారీ అద్దెకు ఇచ్చేవి. అపోలో గుడి పక్క సందులో ఉదయం పూట సాగే మార్కెట్‌లో కత్తిచేప, నిమ్మకాయలు, ఎండు టమాటాలు అమ్మేవారితో పాటు వచ్చిపోయేవారికి రుచి చూపించే బల్లలు కూడా పరుచుకున్నాయి. అద్దెకు దిగిన అతిథి ఉనికి కూడా వాడుకే అని కొందరు వాదించవచ్చు. అయితే అతనికి ఇంటి పైకప్పు కారుతోందా అన్న చింత ఉండదు, ఆ వీధిలో బడి ఉందా అన్న చింత అసలే ఉండదు. ద్వీపం ఇంతకుముందు చూసిన వాడుకలన్నిటికీ దీనికీ ఉన్న తేడా అదే.

చూడబోయేవారికి రెండు ఆచరణ సూచనలు. కారవాజ్జో 1608లో మాల్టా చెరనుంచి తప్పించుకుని వచ్చినప్పుడు ఇక్కడ గీసిన ‘సంత లూచియా (సెయింట్ లూసీ) ఖననం’ అనే పెద్ద తైలవర్ణచిత్రం చౌకం దక్షిణాన ఉన్న బదియా చర్చిలో ఉందని చాలా గైడ్ పుస్తకాలు రాస్తాయి. కొన్నేళ్ళు అది అక్కడ ఉన్నమాట నిజమే. కానీ దాన్ని గీసినది ద్వీపం బయట, సంత లూచియాను ఖననం చేశారని నమ్మే చోట ఉన్న చర్చి కోసం. 2020లో దాన్ని అక్కడికే చేర్చారు. ఆ చిత్రం చోటు మారుతూ ఉంటుంది కనుక వెళ్ళేముందు కనుక్కోవాలి. పై సగమంతా ఖాళీ గోడ, ముందు ఇద్దరు గోతులు తవ్వే కూలీలు, వారి వెనుక చిన్నదిగా నేలమీద పడి ఉన్న అమ్మాయి. ఈ ఊరి గనులు చూశాక ఆ గోడ ఏ రాతిదో చెప్పనవసరం లేకుండా తెలుస్తుంది.

రెండోది తేదీకి సంబంధించినది. క్రీ.శ. 304లో ప్రాణం ఇచ్చిందని నమ్మే సంత లూచియా ఈ ఊరి రక్షకురాలు. 16వ శతాబ్దం చివర చేసిన ఆమె వెండి విగ్రహం దువోమోలో ఏడాదిలో ఎక్కువ రోజులు తలుపుల వెనుక తాళంలో ఉంటుంది. డిసెంబరు 13న దాన్ని భుజాల మీద మోస్తూ వంతెన దాటించి భూభాగం మీది చర్చికి తీసుకువెళతారు, 20న తిరిగి తెస్తారు. 1646లో కరవు వేళ ధాన్యపు ఓడలు వచ్చి ఆదుకున్నందుకు గుర్తుగా మే మొదటి ఆదివారం మరో ఉత్సవం జరుగుతుంది. డిసెంబరు పండుగనాడు ఇళ్ళలో రొట్టె మాని ఉడికించిన గోధుమలు తింటారు. వీలుంటే ఆ వారంలో వెళ్ళడం మంచిది. వేసవి రద్దీ ఉండదు, టికెట్టు కొని చూసే దువోమో ఆ రోజుల్లో ఊరివాళ్ళతో నిండి ఉంటుంది, ద్వీపం వదిలి వెళ్ళిన కుటుంబాలు కూడా విగ్రహం వెంట మళ్ళీ ఆ సందుల్లో నడుస్తాయి.